“బాగానే ఉన్నాను” అంటున్న అమ్మ, 45 మీటర్లు తగ్గిన నడక

ప్రశ్న: మాది ఉద్దానంలో, పలాస దగ్గర ఒక పల్లె. మా అమ్మకి 62 ఏళ్లు. పాతికేళ్లు జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేసింది. ఇంట్లో మొన్నమొన్నటిదాకా కట్టెల పొయ్యే. చుట్ట అలవాటు కూడా ఉంది, మా వైపు పెద్దవాళ్లలాగే నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలుస్తుంది. ఇప్పుడు రోజుకి ఒకటికి తగ్గించింది. మూడేళ్ల క్రితం సీవోపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకయ్యే ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. మొన్న జనవరిలో శ్రీకాకుళంలో ఊదే పరీక్ష, ఆరు నిమిషాల నడక పరీక్ష చేశారు. 310 మీటర్లు నడిచింది, ఆక్సిజన్ 95 నుంచి 90కి దిగింది. ఆగస్టులో మళ్లీ చేస్తే ఊదే పరీక్షలో తేడా లేదు. నడక మాత్రం 265కి తగ్గింది, ఆక్సిజన్ 94 నుంచి 85కి పడింది. జబ్బు కొంచెం ముదిరిందన్నారు. ఊదితే మార్పు లేనప్పుడు ముదరడమేమిటి? “నడిపించడం కూడా ఒక పరీక్షేనా, స్కానింగ్ తీయించి ఆక్సిజన్ మిషన్ కొనేద్దాం” అంటున్నాడు తమ్ముడు. అమ్మేమో “నాకేటీ నేదు, బాగానే ఉన్నాను” అంటోంది. నిజంగానే ఈమధ్య ఆయాసపడటం మేం చూడలేదు. సంతకి వెళ్లడం మానేసింది, ఇష్టం లేదంటోంది. తెల్లారే స్నానం చేసే మనిషి ఇప్పుడు మధ్యాహ్నం చేస్తోంది. సాయంత్రానికి పాదాలు కాస్త వాస్తున్నాయి. ఆగస్టులో పరీక్ష ఉందని పొద్దున్న పీల్చే మందు తీసుకోలేదు, రెండు బస్సులు మారి వెళ్లాం. ఇంట్లో మేమే నడిపించి చూసుకోవచ్చా?
(పేరు రాయవద్దన్న ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అంకెలు చూశాను. రెండోసారి చివర్లో మీరు ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాసిన రెండు ముక్కల దగ్గర ఆగిపోయాను. సంత ఇష్టం లేదంటోంది. స్నానం మధ్యాహ్నానికి మారింది. మీరు అడిగిన దానికి సగం జవాబు మీ చేత్తోనే అక్కడ రాశారు.

నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లని వరండాలో నడిపిస్తూ స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడటం నా పనిలో పెద్ద భాగం. “బాగానే ఉన్నాను” అన్నమాట ఆ వరండాలో రోజూ వింటాను. అన్నవాళ్లు అబద్ధమాడరు. ఆయాసం తెచ్చే పనులు ఒక్కొక్కటే వదిలేసుకుంటూ వస్తే ఇక ఆయాసం ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదట కట్టెల మోపు ఎత్తడం మానేస్తారు. తర్వాత సంత. ఆ తర్వాత పక్క వీధిలో పెళ్లికి “మీరెళ్లి రండి” అంటారు. వారానికి రెండుసార్లు తలంటుకునే మనిషి ఒకసారికి దిగుతుంది, చేతులు పైకెత్తి తల రుద్దుకుంటే ఊపిరి చాలదు కనుక. స్నానం మధ్యాహ్నానికి మారడం కూడా అలాంటిదే అయ్యుంటుంది. నిద్ర లేచేసరికి ఛాతీ నిండా కళ్లె పట్టి ఉంటుంది. అది కదిలి బయటపడేదాకా ఒళ్లు వంగదు. ఇదంతా ఇంట్లోవాళ్లకి వయసులా కనబడుతుంది. ఆమెకీ అలాగే కనబడుతుంది. అందుకే మాకు అంకె కావాలి. మనిషి తనకి తెలియకుండానే సర్దుకుపోతుంది. మీటర్లకి సర్దుకుపోవడం తెలియదు.

ఇక ఊదే పరీక్షలో మార్పు లేకుండా నడక ఎలా తగ్గిందన్న సంగతి. ఊదే పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి చేస్తారు. ఊపిరి నిండా పీల్చి ఒక్క ఊపున ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో చూస్తారు. గాలి గొట్టాలు ఎంత ఇరుకయ్యాయో దానితో తెలుస్తుంది. సీవోపీడీ ఉందో లేదో తేల్చడానికి అది చెయ్యక తప్పదు. కానీ మనిషి లేచి నడక మొదలుపెట్టాక లోపల జరిగే కథ వేరే.

నడిస్తే ఊపిరి వేగం పెరుగుతుంది. ఇరుకైన గొట్టాల్లోంచి గాలి బయటికి పోవడానికి టైము ఎక్కువ పడుతుంది. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త ఊపిరి వచ్చి పడుతుంది. పండగ ముందురోజు పలాస కాంప్లెక్సులో బస్సు చూసే ఉంటారు. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొస్తారు. కాసేపటికి లోపల కాలు పెట్టే చోటు ఉండదు, డోరు దగ్గర వేలాడుతున్నవాళ్లు వేలాడుతూనే ఉంటారు. మీ అమ్మగారి ఛాతీలో నాలుగో నిమిషానికి జరిగేది అదే. ఊపిరి ఊపిరికీ కొంత గాలి లోపలే మిగిలిపోయి ఛాతీ బిగుసుకుపోతుంది. పీల్చాలని ఉంటుంది, పీల్చడానికి చోటుండదు. కుర్చీలో కూర్చుని ఒక్కసారి ఊదిస్తే ఇది బయటపడదు.

ఆక్సిజన్ సంగతీ అంతే. మనం ఊరికే కూర్చున్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోని సన్న నాళాల్లో దాదాపు ముప్పావు సెకను ఉంటుంది. గట్టిగా కష్టపడితే అది పావు సెకనుకి దిగొచ్చు. మంచి ఊపిరితిత్తికి ఆ పావు సెకను చాలు, ఆక్సిజన్ ఎక్కేస్తుంది. పొగ తిని గాలి గదుల గోడలు పోయిన ఊపిరితిత్తికి అది చాలదు. కూర్చుంటే 94, నడిస్తే 85 రావడానికి ఇదొక కారణం.

మూడోది కాళ్లు. ఆయాసానికి భయపడి కదలడం తగ్గిస్తే తొడ కండరాలు కరిగిపోతాయి. కరిగిన కండ కొంచెం పనికే అలిసి ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతుంది. ఆ ఊపిరి లేక మనిషి ఇంకాస్త కూర్చుంటుంది. నేను నడిపించినవాళ్లలో ఎంతోమంది “ఆయాసం కాదండీ, కాళ్లు పీకేస్తున్నాయి” అని ఆగినవాళ్లే. గుండె, రక్తం, మోకాళ్లు కూడా ఈ నడకలో పాలుపంచుకుంటాయి. ఊదే పరీక్షకి ఊపిరి గొట్టాలు మాత్రమే జవాబు చెబుతాయి. ఆరు నిమిషాల నడకలో ఒళ్లంతా కలిసి జవాబు చెబుతుంది. దాని బలం అదే. దాని లోటు కూడా అదే. ఎంత తగ్గిందో చెబుతుంది కానీ ఎందుకు తగ్గిందో చెప్పలేదు. ఆ రెండో ముక్క దగ్గరికి మళ్లీ వస్తాను.

మీ తమ్ముడి మాట కొట్టిపారేయను. వరండాలో అటూ ఇటూ నడిపిస్తే చూసేవాళ్లకి అలాగే ఉంటుంది. కానీ దీని వెనక చాలా ఏళ్ల పని ఉంది. 1968లో అమెరికాలో కెన్నెత్ కూపర్ అనే డాక్టరు వైమానిక దళం వాళ్ల దమ్ము కొలవడానికి 12 నిమిషాల పరుగు పెట్టారు. 1976లో బ్రిటన్‌లో మెక్‌గావిన్, ఆయన తోటి డాక్టర్లు ఆ పరుగుని నడకగా మార్చి, ఏళ్ల తరబడి దగ్గుతో బాధపడేవాళ్లని ఆసుపత్రి వరండాలో నడిపించారు. జబ్బు మనిషికి 12 నిమిషాలు పెద్ద శిక్ష. 1982లో బట్లండ్ బృందం రెండు, ఆరు, పన్నెండు నిమిషాల నడకల్ని పోల్చి చూసింది. ఆ తర్వాత ఆరు నిమిషాలది నిలదొక్కుకుంది. అది ఎలా చేయాలో 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ నియమాలు రాసింది. 2014లో యూరప్ వాళ్ల సొసైటీతో కలిసి వాటిని సవరించింది. సీవోపీడీ ఉన్నవాళ్ల ముందురోజులు అంచనా వేయడానికి 2004లో వచ్చిన బోడ్ అనే లెక్క ఒకటుంది. అందులో బరువు, ఊదే పరీక్ష, ఆయాసం, ఆరు నిమిషాల నడక నాలుగూ చూస్తారు. ఊదే పరీక్షకి ఎన్ని మార్కులో నడకకీ అన్నే మార్కులు. స్కానింగ్ ఊపిరితిత్తి ఎలా ఉందో చూపిస్తుంది, దాని అవసరం దానికుంది. మీ అమ్మ సంతదాకా వెళ్లి రాగలదా అన్నది మాత్రం ఏ స్కానింగులోనూ కనబడదు.

సీవోపీడీలో ఆరు నిమిషాల నడక 30 మీటర్లు అటో ఇటో మారితే అది మనిషి రోజువారీ బతుకులో తెలిసే మార్పు కింద లెక్క. మీ అమ్మగారిది 45 తగ్గింది. ఇంకో సంగతి చూడండి. మామూలుగా రెండోసారి నడిచేటప్పుడు ఎంత వేగంతో వెళ్తే ఆరు నిమిషాలు నిలవగలమో ఒంటికి తెలిసిపోతుంది కనుక నాలుగడుగులు ఎక్కువే నడుస్తారు. అయినా తగ్గింది. డాక్టరు గారు ముదిరిందని ఊరికే అనలేదు.

అయితే ఆ 45 మీటర్లూ జబ్బు ఖాతాలో రాసేయడానికి నాకు ఇంకా చేయి రావడం లేదు. ఆ పొద్దున్న పీల్చే మందు తీసుకోలేదని మీరే రాశారు. ఇది మా దగ్గర తరచూ జరిగే పొరపాటు. ఊదే పరీక్షకి ఒక్కోసారి మందు ఆపి రమ్మంటారు. నడక పరీక్షకి రోజూ వాడే మందులన్నీ వాడుకునే రావాలి. రెండూ ఒకే రోజు పెడితే మొదటిదాని కోసం మానేసిన మందు రెండోదాన్ని చెడగొడుతుంది. పైగా రెండు బస్సుల ప్రయాణం. దిగాక ఎంతసేపు కూర్చున్నారో మీరు రాయలేదు. నడిపించే ముందు కనీసం పది నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టాలి.

ఇంకో మాట అడుగుతాను. రెండుసార్లూ ఒకే వరండానా? ఎందుకు అడుగుతున్నానంటే, చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒకచోట వరండా పొట్టిది. పన్నెండు మీటర్లకే గోడ వచ్చేది. ఉండాల్సింది 30 మీటర్లు. ఒక నేతపని తాతని అక్కడ నడిపిస్తే 230 వచ్చింది. మూడు నెలల తర్వాత వేరే బిల్డింగులో పొడుగు వరండాలో నడిపిస్తే 275 వచ్చింది. కొత్త మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు, ఖరీదైన ఆ మందునే ఇంకో ఆర్నెల్లు కొన్నారు. పొట్టి వరండాలో మాటిమాటికీ ఆగి తిరగాలి, ఆ తిరగడంలోనే అడుగులు పోతాయి. మొదటి కాగితం మీద వరండా పొడవు రాయకపోవడం నా తప్పు. రాసి ఉంటే ఆ కొడుకు డబ్బు ఎటు పోతోందో ఎవరో ఒకరు గమనించేవారు. ఆ రోజు నుంచి పొడవు రాయకుండా నేను కాగితం మీద సంతకం పెట్టలేదు. మీ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు రాసి లేకపోతే అడిగి రాయించుకోండి.

మళ్లీ ఒకసారి నడిపించమని అడగండి. అడగడం తప్పేమీ కాదు. వీలైతే ముందురోజే శ్రీకాకుళం చేరి చుట్టాలింట్లో పడుకోండి. పొద్దున్న మందు పీల్చి, తేలిగ్గా ఇడ్లీ తిని వెళ్లండి. జనవరిలో ఏ చెప్పులతో నడిచిందో అవే చెప్పులు వేయించండి. వట్టి కాళ్లతో నడిచి ఉంటే వట్టి కాళ్లతోనే. వేలికి పెట్టే మిషన్ సరిగ్గా చూపించాలంటే గోళ్ల రంగు, నల్ల మెహెందీ ఉండకూడదు. వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయాలి.

పరీక్ష మొదలయ్యాక మీరు దూరంగా కూర్చోండి. “నడు, నడు అమ్మా” అని మీరు ప్రోత్సహిస్తే మీటర్లు పెరుగుతాయి, కొలత చెడుతుంది. మేం కూడా నిమిషానికోసారి రాసిపెట్టిన మాటలే చెబుతాం. “బాగా నడుస్తున్నారు, ఇంకా అయిదు నిమిషాలు ఉంది.” అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనం. మేం ముందు నడిస్తే మా వేగానికి ఆవిడ పరుగెడుతుంది కనుక ముందు నడవం. ఆగాలనిపిస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. ఇది ముందే చెప్పినా మన పెద్దవాళ్లకి ఆగడం నామోషీ. ఇంకో సంగతి, మన వైపు ఎదురొచ్చిన మనిషిని పలకరించకుండా పోవడం మర్యాద కాదు. ఒకావిడ నాలుగో నిమిషంలో తమ ఊరి పిల్ల కనబడితే ఆగి, చెయ్యి పట్టుకుని, “ఎప్పుడొచ్చేవే, అమ్మ ఎలాగుంది” అని అడిగింది. నేను వాచీ చూస్తూ నిలబడ్డాను. అరనిమిషం పోయింది. ఆయాసంతో మాట తెగుతున్నా కుశలప్రశ్నలు పూర్తిచేసి కదిలింది. అరగంట కూర్చోబెట్టి, జనం లేని వేళ మళ్లీ నడిపించాను. అసలు నియమం కూడా అదే. అరగంట విరామం ఇచ్చి రెండుసార్లు నడిపించాలి, ఎక్కువ వచ్చిన దూరం రాయాలి. చాలాచోట్ల తీరిక లేక ఒక్కసారితో సరిపెడతారు. మీరు నెమ్మదిగా అడిగితే రెండోసారి కూడా నడిపిస్తారు.

ఆరు నిమిషాలు నడిపిస్తే అమ్మకి ఏమైనా అవుతుందేమోనన్న భయం వద్దు. నెల రోజుల్లో గుండెపోటు వచ్చినవాళ్లని నడిపించం. కూర్చున్నా నాడి 120 దాటి కొట్టుకుంటున్నవాళ్లనీ నడిపించం. మధ్యలో ఆక్సిజన్ 80 కిందికి పడినా, గుండెలో నొప్పి అన్నా, చెమటలు పట్టి తూలినా అక్కడే ఆపేస్తాం.

ఇప్పుడు ఎందుకు తగ్గిందన్న దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది పాదాల వాపు. దీనికోసం మళ్లీ నడక పరీక్ష దాకా ఆగొద్దు, ఈ వారంలోనే డాక్టరు గారికి చూపించండి. చాలాకాలం ఆక్సిజన్ తక్కువైతే గుండె కుడి భాగం మీద భారం పడి పాదాలు వాస్తాయి. గుండె స్కానింగ్, అంటే ఎకో, తీస్తే అది తెలుస్తుంది. మీ తమ్ముడు ఏదో ఒక స్కానింగ్ తీయించాలనుకుంటే ముందు ఇది తీయించండి. రెండోది, మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఆ మట్టిలో ఎన్ని ఇళ్లని తాకిందో మీకు నేను చెప్పాలా? ఊపిరితిత్తుల జబ్బు ఉంది కదా అని ఆయాసమంతా దాని మీద వేసేస్తే కిడ్నీ సంగతి వెనకబడిపోతుంది. కిడ్నీ దెబ్బతింటే నీరు చేరుతుంది, రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గిన మనిషికి ఊపిరితిత్తి తెచ్చిన ఆక్సిజన్‌ని మోసేవాళ్లే ఉండరు. కిడ్నీకి క్రియాటినిన్, రక్తానికి హిమోగ్లోబిన్, రెండు పరీక్షలూ చేయించండి. చిన్న పరీక్షలే, పలాసలోనే అవుతాయి. ఆ రెండూ బాగుండి, ఎకో బాగుండి, మందు పీల్చి నడిచినా 265 చుట్టుపక్కలే వస్తే అప్పుడు ఊపిరితిత్తి మాటే నిజం.

మాస్కు పెట్టి సైకిలు తొక్కించే పెద్ద పరీక్ష ఒకటుంది. ఆక్సిజన్ ఎంత ఖర్చవుతోంది, ముందు ఆగిపోతున్నది గుండెనా, ఊపిరితిత్తా, కాళ్లా అన్నది అందులో తేలుతుంది. ఊపిరితిత్తి ఆపరేషన్‌కి ముందు, లేదా ఏ రకంగానూ కారణం దొరకనప్పుడు అది అవసరం. మీకు ఇప్పుడు అక్కర్లేదు.

ఆక్సిజన్ మిషన్ మాత్రం దయచేసి తొందరపడి కొనకండి. నడిస్తే 85 వచ్చిందన్న ఒక్క అంకె చూసి అప్పు చేసి కొన్న ఇళ్లు నాకు తెలుసు. కూర్చున్నప్పుడే 88 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండేవాళ్లకి ఇంట్లో రోజులో ఎక్కువసేపు ఆక్సిజన్ పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుంది. మీ అమ్మగారికి కూర్చుంటే 94 ఉంది. కూర్చుంటే కొద్దిగా తక్కువగానో, నడిస్తేనే పడిపోతూనో ఉండే సీవోపీడీ వాళ్లు 738 మందిని తీసుకుని అమెరికాలో పెద్ద పరిశోధన చేశారు. 2016లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ ప్రాణం విషయంలోగానీ, ఆసుపత్రిలో చేరడంలోగానీ తేడా కనబడలేదు. ఒక్కొక్కరికి నడిచేటప్పుడు ఆక్సిజన్ పెడితే హాయిగా ఉంటుంది, అది పెట్టి నడిపించి చూసి డాక్టరు గారు తేలుస్తారు. పైగా మీ ఇంట్లో ఇంకా చుట్ట వెలుగుతోంది. ఆక్సిజన్ పక్కన నిప్పు ఉంటే ఇల్లు అంటుకుంటుంది.

చుట్ట రోజుకి ఒకటే కదా అనుకోవద్దమ్మా. ఆ ఒకటీ మానిపించండి. తిట్టి మానిపించలేరు. ఎప్పుడు కాలుస్తోందో చూడండి, భోజనం అయ్యాకనో, తెల్లారి దొడ్డికి వెళ్లే ముందో. ఆ వేళకి పక్కన కూర్చోండి. అడ్డపొగ, అంటే ఇలా నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగేవాళ్లకి నోటి పైభాగం, అంగిలి, కాలి కాలి తెల్లబారి చివరికి క్యాన్సర్ పుట్టొచ్చు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం ఊళ్లలో డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చూస్తున్న సంగతి ఇది. ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నారు కనుక నోరు తెరిపించి అంగిలి కూడా చూపించుకుని రండి.

ఇంట్లో నడిపించి చూసుకోవచ్చా అని అడిగారు. పరీక్షలాగా వద్దు. పరీక్షంటే చేతనైనంత దూరం పోవాలి. 85కి పడే మనిషిని వీధిలో అలా నడిపించకూడదు. దాని బదులు రెండు పనులున్నాయి.

ఒకటి, కూర్చుని లేవడం. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆనించండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టండి. ఇది కూడా పేరున్న పరీక్షే. మూడుసార్లు పెరిగినా తగ్గినా అది లెక్కలోకి వచ్చే మార్పు. దీనిలోనూ ఆక్సిజన్ పడుతుంది కనుక ముందు డాక్టరు గారినో, అక్కడి ఫిజియోథెరపిస్టునో అడిగి, వాళ్ల ఎదుట ఒకసారి చేయించి, ఆ తర్వాతే ఇంట్లో చేయించండి. నెలకోసారి చాలు.

రెండోది సాధన. సీవోపీడీకి కదలకుండా కూర్చోవడం మందు కాదు, విషం. పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించే చికిత్సని పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. వారానికి రెండు మూడుసార్లు, ఎనిమిది వారాల దాకా చేయిస్తారు. ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో ఈ చికిత్స వల్ల ఆరు నిమిషాల నడక సగటున 44 మీటర్లు పెరిగింది. అలాంటి పని ఏ పఫ్పుతోనూ నేను చూడలేదు. పేరు పెద్దది కానీ కావలసిన సామాను ఒక కుర్చీ, ఇసుక నింపిన రెండు వాటర్ బాటిళ్లు, నడవడానికి చదునైన దారి. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదికి వెళ్లి ఇది కావాలని అడగండి. రోజూ రాలేమని చెప్పండి. మొదటి కొన్ని రోజులు నేర్పి పంపిస్తే ఇంట్లో చేసుకోవచ్చు, నెలకోసారి చూపించుకోవచ్చు.

నడక వేగం ఎంతో నడక పరీక్షే చెబుతుంది. 265 మీటర్లని ఆరుతో భాగిస్తే నిమిషానికి 44. అందులో 80 శాతం అంటే నిమిషానికి 35 మీటర్లు. మొదట్లో పది నిమిషాలు, అంటే 350 మీటర్లు, మధ్యలో ఎన్నిసార్లు ఆగినా సరే. ఆగిన టైము కలపొద్దు. మీ వీధిలో రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం తాడుతో కొలిస్తే లెక్క తేలిపోతుంది. ఆయాసం ఎంత ఉండాలన్నదానికి మేం సున్నా నుంచి పది దాకా అడుగుతాం. సున్నా అంటే ఏమీ లేదు, పదంటే ఇక ప్రాణం పోతుందన్నంత. మూడు నాలుగు మధ్య ఉండాలి. అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వేలి మిషన్ ఉంటే పెట్టుకుని నడవమనండి. డాక్టరు గారు వేరే అంకె చెప్పకపోతే 88 కిందికి దిగగానే ఆగి కూర్చోవాలి. కూర్చుని ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, ఎదురుగా దీపం ఉందనీ అది ఆరకుండా రెపరెపలాడాలనీ అనుకుని మెల్లగా ఊదాలి. పీల్చినదానికి రెట్టింపు సేపు ఊదాలి. ఇరుక్కున్న పాత గాలి అలా దిగుతుంది. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా సాధన మాట మరిచిపోయి 108కి ఫోన్ చేయండి.

ఇక నుంచి అమ్మని “ఎలా ఉంది” అని అడగకండి. “నాకేటీ నేదు” అనే అంటుంది. “సంతదాకా వెళ్తే మధ్యలో ఎక్కడ కూర్చోవాలనిపిస్తుంది?” అని అడగండి. రావిచెట్టు అంటుందో, బడి గోడ అంటుందో, మన వాకిలి దాటలేనంటుందో, ఆ చోటు పేరు తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రెండు నడక కాగితాలతో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లి డాక్టరు గారి బల్ల మీద పెట్టండి. మళ్లీ నడిపించాక ఎంత వచ్చిందో, వరండా ఎన్ని మీటర్లో, పాదాల వాపుకి ఏమన్నారో నాకు రాయండి. ఎదురుచూస్తాను.